పిల్లలు ఎక్కడ తికమకపడతారు? ఊహ, నిజం, పెద్దల మాట

నాలుగేళ్ళ పాప అన్నం తింటూ పక్కన ఖాళీ పీట చూపించి "చిట్టికి కూడా పెట్టు" అంటుంది. చిట్టి ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మ నవ్వి ఊరుకుంటుంది. నానమ్మకు గుండె ఝల్లుమంటుంది, సందెవేళ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీస్తుంది. నాన్న రాత్రి ఫోన్‌లో వెతికి, నాలుగు జబ్బుల పేర్లు చదివి, టెన్షన్‌తో నిద్ర పాడుచేసుకుంటాడు. ముగ్గురూ మూడు రకాలుగా స్పందించినా లోపల నమ్మేది ఒకటే: ఈ వయసు పిల్లకి ఉన్నదేదో లేనిదేదో తెలియదు.

ఆ నమ్మకం చాలావరకు తప్పు. పిల్లలు తికమకపడే సందర్భాలు ఉన్నాయి, అందులో సందేహం లేదు. అయితే పెద్దవాళ్ళు ఎక్కడ ఉన్నాయనుకుంటారో అక్కడ అవి ఉండవు. పైగా వాటిలో ఎక్కువ భాగం పెద్దవాళ్ళు తెలిసో తెలియకో తయారుచేసి పెట్టినవే. ఈ సంగతి అర్థమైతే ఇంట్లో చాలా కంగారు తగ్గుతుంది. కొన్నిచోట్ల, ముఖ్యంగా పోలీస్ స్టేషన్లలో, కోర్టుల్లో, పిల్లలకు న్యాయం జరగడం కూడా దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

ఇసుక అన్నం ఎవరూ తినరు

పెరట్లో ఇద్దరు పిల్లలు లక్కపిడతలు ముందేసుకుని ఆడుతుంటే కాసేపు నిలబడి చూడాలి. "నేను అమ్మనంట, నువ్వు ఆఫీసు నుంచి వచ్చావంట" అని మొదలవుతుంది. ఇసుక బియ్యం అవుతుంది. మందారాకు తుంచి కూర చేస్తారు. ఇటుక పొడి నీళ్ళలో కలిపితే సాంబారు. "వేడిగా ఉంది, ఊదుకుని తిను" అంటుంది వడ్డించే పిల్ల. ఆఫీసు నుంచి వచ్చిన ఐదేళ్ళ పెద్దమనిషి నిజంగానే ఊదుతాడు. పిడికిలి నోటిదాకా తీసుకెళ్ళి, పెదాలకు తగలనివ్వకుండా "ఆమ్" అని, ఇసుకను పక్కకు జారవిడుస్తాడు. అంతలో ఏడాదిన్నర తమ్ముడు పాక్కుంటూ వచ్చి గుప్పెడు ఇసుక నోట్లో వేసుకుంటే ఇద్దరూ ఒక్కసారిగా అరుస్తారు: "ఒరేయ్, అది ఉత్తుత్తి అన్నంరా, తినకూడదు!"

పోతన రుక్మిణి చిన్నతనం గురించి చెప్పేటప్పుడు బొమ్మల పెళ్ళిళ్ళు, గుజ్జెనగూళ్ళు చెప్పాడు. అంటే అయిదు వందల ఏళ్ళ కిందట కూడా తెలుగు పిల్లలు ఇదే ఆట ఆడుకున్నారు. ఇన్ని తరాల్లో ఈ వయసు పిల్లలెవరూ ఉత్తుత్తి అన్నంతో కడుపు నింపుకోవాలని చూడలేదు. ఆకలేస్తే ఆట ఆపి వంటింట్లోకి పరుగెత్తారు.

ఇది పరిశోధకుల కంట కాస్త ఆలస్యంగా పడింది. పిల్లల ఆలోచన గురించి ఇరవయ్యో శతాబ్దంలో అందరికంటే ఎక్కువ ప్రభావం చూపినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే. డీఎడ్, బీఈడీ చదివిన ప్రతి టీచరుకూ ఆ పేరు తెలుసు. చిన్నపిల్లలు మనసులో ఉన్నదాన్నీ బయట ఉన్నదాన్నీ కలిపేసుకుంటారని, కల కూడా బయటినుంచి గదిలోకి వస్తుందని అనుకుంటారని ఆయన 1920ల్లో రాశాడు. పిల్లల్ని కూర్చోబెట్టి "కల ఎక్కడ ఉంటుంది? ఎక్కడినుంచి వస్తుంది?" వంటి ప్రశ్నలు వేసి ఆ నిర్ణయానికి వచ్చాడు. ఆ ప్రశ్నలు పెద్దవాళ్ళను అడిగినా నీళ్ళు నమలాల్సిందే. ప్రశ్న కష్టంగా ఉంటే జవాబు వింతగా వస్తుంది. దాన్నిబట్టి పిల్లవాడి బుర్రను అంచనా వేయడం న్యాయం కాదు.

ప్రశ్న మార్చి చూసినప్పుడు అసలు విషయం బయటపడింది. 1986లో హెన్రీ వెల్‌మన్, డేవిడ్ ఎస్టెస్ అనే అమెరికన్ పరిశోధకులు మూడేళ్ళ పిల్లలకు చాలా తేలికైన కథ చెప్పారు. ఒక అబ్బాయి దగ్గర బిస్కెట్ ఉంది. ఇంకో అబ్బాయి బిస్కెట్ గురించి ఆలోచిస్తున్నాడు. ఎవరి బిస్కెట్‌ని చేత్తో ముట్టుకోవచ్చు? ఎవరిది తినొచ్చు? ఎక్కువమంది సరిగ్గానే చెప్పారు. అలన్ లెస్లీ 1987లో రాసిన వ్యాసం ఇంకొంచెం ముందుకు వెళ్ళింది. అరటిపండును చెవి దగ్గర పెట్టుకుని "హలో" అనే రెండేళ్ళ పిల్లవాడు నిజంగా తికమకపడితే, ఆ తర్వాత పండ్లను చూసినప్పుడల్లా ఫోన్లే అనుకోవాలి కదా. అలా జరగదు. ఆటలోని అర్థాన్ని అసలు అర్థానికి అంటకుండా విడిగా ఉంచుకునే ఏర్పాటు ఏదో మనసులో అప్పటికే పనిచేస్తూ ఉంటుందని ఆయన వాదన.

ఇక చిట్టి సంగతి. కనిపించని నేస్తాల మీద ఎక్కువగా పనిచేసిన పరిశోధకురాలు అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్జొరీ టేలర్. ఆమె బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడేళ్ళు వచ్చేసరికి ఏదో ఒక సమయంలో ఇలాంటి నేస్తం ఉన్న పిల్లలు 65 శాతం అని తేలింది. ప్రాణమున్నట్టు చూసుకునే బొమ్మల్ని కూడా ఆ లెక్కలో కలిపారు. ఈ నేస్తాలు చెప్పిన మాట వినకపోవడం, పిలిస్తే రాకపోవడం, వాళ్ళతో పిల్లలు గొడవపడటం కూడా మామూలే. అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. పరిశోధకులు చాలా శ్రద్ధగా ఆ నేస్తం గురించి అడుగుతుంటే, కొందరు పిల్లలు మధ్యలో ఆగి, ఇది ఉత్తుత్తిదేనని వాళ్ళకే గుర్తుచేశారు. పాపం ఈ పెద్దావిడ నిజమనుకుంటోందేమోనని వాళ్ళ అనుమానం.

కాబట్టి ఖాళీ పీట ముందు పళ్ళెం పెట్టమన్న పిల్లకు జబ్బేమీ లేదు. ఏ సూచనలు చూసి ఆగాలో మాత్రం తెలిసి ఉండాలి. కనిపించని గొంతు తనను భయపెడుతోందని, ఏదో చెయ్యమని బలవంతం చేస్తోందని చెప్పడం. పిల్ల అడిగి తెచ్చుకున్నది కాకుండా, వద్దన్నా వదలకుండా వెంటపడటం. నిద్ర, తిండి, బడి, మిగతా పిల్లలతో ఆట, అన్నీ తగ్గిపోతూ ఉండటం. ఏదైనా దెబ్బ తిన్నాకో, ఇంట్లో చావు జరిగాకో, ఎవరైనా హింసించాకో ఇవి మొదలవడం. అప్పుడు దిష్టితో, తాయెత్తుతో కాలం గడపకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

మన దేశంలో ఈ మాటలు వేరే దారి కూడా పడతాయి. "మా ఇల్లు ఇది కాదు, నాకు ఇంకో అమ్మ ఉంది" అని మూడేళ్ళ పిల్లవాడు అన్నాడనుకుందాం. ఒక ఇంట్లో అది ఆట. ఇంకో ఇంట్లో అది గత జన్మ. వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ స్టీవెన్సన్ 1960ల నుంచి మన దేశంలో, ముఖ్యంగా ఉత్తరాదిన, ఇలాంటి కథలు ఎన్నో సేకరించాడు. వాటిలో పిల్లలు ఆ మాటలు మొదలుపెట్టేది సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ళ మధ్య. ఎనిమిదేళ్ళు వచ్చేలోపు చాలామంది మరిచిపోతారు. కనిపించని నేస్తాలు విరివిగా ఉండే వయసు కూడా దాదాపు అదే. ఆయన వాటిని పునర్జన్మకు సాక్ష్యంగా చూశాడు. ఈ రెండు వయసులూ కలవడం చూస్తే వేరే వివరణకే మొగ్గు కనిపిస్తుంది. పిల్లవాడు ఒక మాట అంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి, ఊరు పేరు అడుగుతారు, పక్కింటివాళ్ళను పిలుస్తారు. ఇంత గౌరవం దక్కిన కథను ఏ పిల్లవాడూ మధ్యలో వదలడు.

తెలిసినా భయమే

పిల్లలకు తేడా తెలిస్తే మరి చీకటి గదిలోకి ఎందుకు వెళ్ళరు? ఇంగ్లండ్‌లో పాల్ హారిస్ బృందం 1991లో ప్రచురించిన ప్రయోగం దీనికి దగ్గరి జవాబు ఇస్తుంది. నాలుగేళ్ళ, ఆరేళ్ళ పిల్లలకు ముందుగా పెద్ద నల్ల పెట్టెలు తెరిచి చూపించారు. ఏమీ లేవు. తర్వాత ఒక పెట్టెలో కుందేలు పిల్ల ఉన్నట్టో, భయంకరమైన జంతువు ఉన్నట్టో ఊహించుకోమన్నారు. "నిజంగా ఉందా, ఊహించుకున్నామా?" అని అడిగితే పిల్లలు ఊహేనని స్పష్టంగా చెప్పారు. అప్పుడు పరిశోధకురాలు ఏదో పని ఉందని బయటికి వెళ్ళబోయింది. భయంకరమైన జంతువును ఊహించుకున్న చిన్నపిల్లల్లో కొందరు ఆమెను వెళ్ళనివ్వలేదు. మిగిలినవాళ్ళలో చాలామంది ఆమె అటు వెళ్ళగానే పెట్టె దగ్గరికి చేరారు, కొందరు మూత ఎత్తి చూశారు. లేదని తెలుసు. అయినా ఏమో, వచ్చిందేమో!

దీన్ని చిన్నపిల్లల బలహీనత అని కొట్టిపారేయడానికి లేదు. 1986లో పాల్ రోజిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త పెద్దవాళ్ళతో ఇలాంటిదే చేయించాడు. వాళ్ళ ఎదురుగానే రెండు సీసాల్లో పంచదార పోసి, ఒకదానికి పంచదార అనీ, ఇంకోదానికి సైనైడ్ అనీ చీటీలు వాళ్ళచేతే అంటింపజేశాడు. రెండింటిలోనూ పంచదారే ఉందని తెలిసినా సైనైడ్ చీటీ ఉన్నదాంతో కలిపిన నీళ్ళు తాగడానికి జంకారు. ఒకప్పుడు తెలుగు ఊళ్ళలో తలుపుల మీద సున్నంతో, సుద్దముక్కతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసిన రోజులు చాలామందికి గుర్తే. రాసినవాళ్ళంతా దెయ్యాన్ని పూర్తిగా నమ్మి రాయలేదు. "మనకెందుకు వచ్చిన గొడవ, ఓ మాట రాసి పెడదాం" అనుకున్నవాళ్ళే ఎక్కువ. ఆరేళ్ళ పిల్లవాడు మంచం కింద చూడమని అడిగేదీ ఈ లెక్కలోనే.

అందుకే "దెయ్యాలు లేవు, పడుకో" అన్న ఒక్క మాట పనిచేయదు. లేవని వాడికి ఇంతకుముందే తెలుసు. భయం వచ్చేది సమాచారం లేక కాదు, మనసులో బొమ్మ మరీ స్పష్టంగా కనిపించడం వల్ల. మూడు నాలుగేళ్ళవాళ్ళకు ఆ బొమ్మనే మార్చుకోవడం సాయపడుతుంది: దెయ్యానికి జడ వేసి, దానికి జలుబు చేసిందని, ముక్కు చీదుకుంటోందని చెప్పడం. ఏడెనిమిదేళ్ళు వచ్చాక అది నిజం కాదని తమకు తామే చెప్పుకోవడం పనికొస్తుంది. ఏ వయసులోనైనా పక్కన ఒక మనిషి ఉండటం, సన్నటి లైటు వెలగడం రెండింటికంటే బాగా పనిచేస్తాయి. ఏడ్చే పిల్లను ధైర్యం రావాలని చీకటిగదిలో పెట్టి తలుపు వేయడం మాత్రం క్రూరత్వమే, దానికి ఇంకో పేరు లేదు.

ఎవరు చెప్పారన్నదే ఆధారం

పిల్లలకు అసలు కష్టం వేరేచోట ఉంది. తాము కల్పించుకున్నది కల్పన అని వాళ్ళకు తెలుసు. ఇతరులు చెప్పిన, కంటికి కనిపించని వాటిలో ఏది ఉందో ఏది లేదో ఎలా తేల్చుకోవాలి? సూక్ష్మక్రిములు కనిపించవు. ఆక్సిజన్ కనిపించదు. దేవుడు కనిపించడు. బూచాడూ కనిపించడు. నలుగురి గురించీ చెప్పేది అదే అమ్మ, అదే నాన్న. చేతులు కడుక్కోకపోతే క్రిములు కడుపులోకి పోతాయంటారు. అన్నం తినకపోతే బూచాడు ఎత్తుకుపోతాడంటారు. ఒకటి నిజం, ఒకటి అబద్ధం అని తేల్చడానికి నాలుగేళ్ళ మనిషి దగ్గర ఏ సాధనం ఉంది?

ఆశ్చర్యం ఏమిటంటే పిల్లలు చాలావరకు సరిగ్గానే తేల్చుకుంటారు. హారిస్ 2006లో సహచరులతో కలిసి ప్రచురించిన అధ్యయనంలో, పిల్లలు క్రిముల ఉనికి గురించి చెప్పినంత గట్టిగా దేవుడి గురించి చెప్పలేదు, ఎగిరే పందుల వంటివైతే లేనే లేవన్నారు. దీనికి ఆయన ఇచ్చిన వివరణ ఆలోచించదగ్గది. క్రిముల గురించి పెద్దలు మాట్లాడేటప్పుడు అవి ఉన్నాయని వేరే చెప్పరు, ఉన్నట్టే ప్రవర్తిస్తారు. చేతులు కడుగుతారు, గిన్నె మరిగిస్తారు. "నమ్మాలి, ఉన్నాడు" అని ప్రత్యేకంగా చెప్పే విషయాల్లో సందేహానికి చోటుందని పిల్లలు ఆ మాట తీరునుంచే పసిగడతారు.

అయితే పెద్దలు కావాలని ఆధారాలు పుట్టిస్తే? అమెరికాలో జాక్వెలిన్ వూలీ బృందం 2004లో ప్రచురించిన ప్రయోగంలో అదే చేశారు. ఎక్కడా లేని ఒక మిఠాయి మంత్రగత్తెను కల్పించి బడిలో పిల్లలకు చెప్పారు: హాలోవీన్ పండుగ రాత్రి ఆమె వచ్చి మిఠాయిలు తీసుకుని బొమ్మ పెట్టిపోతుంది. కొందరి ఇళ్ళలో తల్లిదండ్రులు రాత్రి నిజంగానే మిఠాయిలు తీసి బొమ్మ పెట్టారు. చాలామంది నమ్మారు. బొమ్మ దొరికిన ఇళ్ళలో కొంచెం పెద్దపిల్లల నమ్మకం ఇంకా గట్టిపడింది. దీన్ని అమాయకత్వం అనడం సరికాదు. టీచరు చెప్పింది, అమ్మ ఔనంది, పొద్దున్నే బొమ్మ కనిపించింది. ఇన్ని ఆధారాలు చూసి నమ్మకపోతేనే తప్పు.

మన ఇళ్ళలో పాలపన్ను ఊడితే పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేవాళ్ళు. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలు అదే పన్నును దిండు కింద పెట్టి, దాన్ని తీసుకెళ్ళే దేవకన్య పెట్టిపోయిందనుకునే డాలరు కోసం పొద్దున్నే వెతుకుతున్నారు. రెండూ ముచ్చటైన సంగతులే, వీటివల్ల ఎవరికీ నష్టం లేదు. పిల్ల పెద్దదై "నిజం చెప్పు" అని సూటిగా అడిగినరోజు సూటిగా చెబితే చాలు.

బూచాడిది మాత్రం వేరే లెక్క. అది పిల్లవాడి ఊహ కాదు, పెద్దల పనిముట్టు. వాడి ఊహాశక్తిని తీసుకుని వాడిమీదే ప్రయోగించడం. అన్నం తినకపోతే బూచాడు, అల్లరి చేస్తే పోలీసు, మందు తాగకపోతే సూది డాక్టరు, వీధిలోకి వెళితే గోనెసంచివాడు. తెలుగింట్లో ఇవి రోజూ వినిపించే మాటలు. వీటిలో రెండు పూర్తిగా నిజమైన మనుషుల గురించి. జాతరలో తప్పిపోయిన నాలుగేళ్ళ పిల్ల ఎవరి దగ్గరికి పరుగెత్తాలో, ఆ ఖాకీ డ్రెస్సు చూసే దాక్కుంటుంది. జ్వరంతో ఆసుపత్రికి తెస్తే డాక్టరు మెడలో స్టెతస్కోపు చూసి బిగుసుకుపోతుంది. గోనెసంచి భుజాన వేసుకుని చిత్తుకాగితాలు ఏరుకునే పేదవాణ్ణి పిల్లల్ని ఎత్తుకుపోయేవాడిగా చూడటం నేర్చుకున్న పిల్ల, పెద్దయ్యాక ఆ అనుమానాన్ని అంత తేలిగ్గా వదిలించుకోదు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని 2018లో వాట్సాప్ పుకార్లు లేచినప్పుడు దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. తెలుగు రాష్ట్రాల్లోనూ దాడులు జరిగాయి. చేసినవాళ్ళంతా పెద్దవాళ్ళు.

కంటికి కనిపించినది

వేషం, తెర అనే రెండింటి దగ్గర నాలుగేళ్ళ లోపు పిల్లలు నిజంగానే తడబడతారు. 1969లో రీటా డెవ్రీస్ మేనార్డ్ అనే పెంపుడు పిల్లితో చేసిన ప్రయోగం బాగా పేరున్నది. పిల్లలు ముందు పిల్లిని నిమిరారు. తర్వాత దాని తలకు కుక్క ముసుగు తొడిగారు. మూడేళ్ళవాళ్ళలో చాలామంది అది కుక్క అయిపోయిందనే అన్నారు, ఆరేళ్ళవాళ్ళు నవ్వేశారు. పగటివేషగాళ్ళు వీధిలోకి వస్తే చంటిపిల్లలు కేర్‌మనడం, తండ్రి పులివేషం కట్టిన రోజు సొంత కూతురే దగ్గరికి రాకపోవడం ఇందుకే. జాన్ ఫ్లావెల్ 1990లో టీవీలో పాప్‌కార్న్ గిన్నె చూపించి, టీవీని తలకిందులు చేస్తే ఏమవుతుందని అడిగాడు. ఒలికిపోతుందన్నారు మూడేళ్ళ పిల్లలు చాలామంది. నాలుగేళ్ళకు ఆ తికమక చాలావరకు పోతుంది.

కానీ తెరమీదిది బొమ్మేనని తెలిసినంత మాత్రాన అందులో చూపించినది ప్రపంచంలో జరగదని తెలిసినట్టు కాదు. ఇది రెండో మెట్టు. 1997లో దూరదర్శన్‌లో శక్తిమాన్ మొదలయ్యాక, ఆయన వచ్చి కాపాడతాడని పిల్లలు ప్రమాదాల్లో పడుతున్నారని పత్రికల్లో వార్తలు వచ్చాయి. వాటిలో ఎంత నిజమన్నదానిమీద వాదాలు నడిచాయి. చివరికి శక్తిమాన్ వేషం వేసిన నటుడే తెరమీదికి వచ్చి, తనలా చేయొద్దని పిల్లలకు చెప్పాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి అది టీవీ అని తెలియక కాదు. మనిషి ఎగరగలడో లేడో తేల్చుకోవడానికి వాడికి తగినంత అనుభవం లేదు.

ఇప్పటి పిల్లలకు ఇది ఇంకా కష్టమవుతోంది. స్పీకరును పిలిస్తే పేరు పెట్టి జవాబిస్తుంది. ఏనుగు మేడ మీదినుంచి దూకి నవ్వుతూ లేచే వీడియో, అమ్మమ్మ ఊళ్ళో తీసిన పెళ్ళి వీడియో ఒకే ఫోన్లో, ఒకదాని తర్వాత ఒకటి, ఒకే స్పష్టతతో వస్తున్నాయి. వాటిలో ఏది కృత్రిమ మేధ తయారుచేసిందో పక్కన కూర్చున్న తాతకూ తెలియదు. ఇదివరకు పిల్లవాడు అనుమానం వచ్చినప్పుడు పెద్దవాళ్ళ ముఖం చూసేవాడు. ఆ ముఖంలోనే సందేహం ఉంటే ఎవర్ని అడగాలి? అందుకే చిన్నపిల్లలు ఫోన్‌ను ఒంటరిగా కాకుండా ఎవరో ఒకరితో కలిసి చూడాలి. "ఇది నిజంగా జరుగుతుందంటావా?" అని మధ్యమధ్యలో అడిగే మనిషి కావాలి.

అబద్ధం వేరు, జ్ఞాపకం వేరు

"బడిలో ఇవాళ పులి వచ్చింది" అని చెప్పే పిల్లను అబద్ధాలకోరు అని కొట్టే ఇళ్ళు ఉన్నాయి. అబద్ధానికి ఒక ప్రయోజనం ఉంటుంది: కప్పు పగలగొట్టి పిల్లిమీద పెట్టడం అబద్ధం. మూడేళ్ళు దాటిన పిల్లలు అదీ చెప్తారు, ఎదుటివాడి మనసులో ఏముందో తెలుసుకునే శక్తి వచ్చిందనడానికి అది గుర్తు కూడా. పులి కథలో మోసం లేదు. "అవునా, పులి ఏం టిఫిన్ తింది?" అని అడిగితే పిల్ల కళ్ళు మెరుస్తాయి. కథ ఇద్దరిదీ అవుతుంది.

నిజంగా జాగ్రత్తపడాల్సింది జ్ఞాపకం దగ్గర. చేసినదానికీ, చేసినట్టు ఊహించుకున్నదానికీ మధ్య తేడా కొన్నాళ్ళయ్యాక గుర్తుచేసుకోవడం పిల్లలకు పెద్దలకంటే కష్టం. మార్సియా జాన్సన్, మేరీ ఆన్ ఫోలీ 1980ల్లో చేసిన ప్రయోగాలు చూపించింది ఇదే. ఆ క్షణంలో తేడా తెలుసు, తర్వాత ఆ గుర్తు చెరిగిపోతుంది.

దీనికి పియాజే తన జీవితాన్నే ఉదాహరణగా రాశాడు. పదిహేనేళ్ళ వయసు దాకా ఆయనకు ఒక దృశ్యం స్పష్టంగా గుర్తుండేది. పారిస్‌లో షాంజెలిజే వీధి. తాను చంటిపిల్లల బండిలో ఉన్నాడు. ఎవడో ఎత్తుకుపోబోయాడు. బండి పట్టీ తనను ఆపింది, ఆయా అడ్డుపడింది, ఆమె ముఖం మీద గీతలు పడ్డాయి. జనం పోగయ్యారు, పొట్టి కోటు, తెల్ల లాఠీ ఉన్న పోలీసు వచ్చాడు. చాలా ఏళ్ళకు ఆ ఆయా ఆయన తల్లిదండ్రులకు ఉత్తరం రాసింది. కథంతా తాను కల్పించానని ఒప్పుకుని, అప్పట్లో బహుమతిగా ఇచ్చిన గడియారం తిరిగి ఇచ్చేసింది. ఇంట్లో పదేపదే విన్న కథ ఆ పిల్లవాడి మనసులో కళ్ళారా చూసిన దృశ్యంగా మారిపోయింది.

స్టీఫెన్ సీసీ బృందం 1990ల్లో దీన్ని ప్రయోగంగా చేసి చూసింది. బడికి ఇంకా వెళ్ళని వయసు పిల్లల్ని వారానికోసారి కూర్చోబెట్టి, వాళ్ళ జీవితంలో జరిగినవీ జరగనివీ కలిపి అడిగారు. జరగనివాటిలో ఒకటి: "ఎలుకల బోనులో నీ వేలు ఇరుక్కుంటే ఆసుపత్రికి వెళ్ళి తీయించుకున్నావా?" పది వారాలయ్యేసరికి ఒక అధ్యయనంలో సగానికి పైగా పిల్లలు జరగని సంఘటనల్లో కనీసం ఒకదాన్నైనా జరిగినట్టు చెప్పారు. బోను ఎక్కడ ఉంది, అన్నయ్య ఏం చేశాడు, కారులో ఎవరు తీసుకెళ్ళారు, అన్నీ చెప్పారు. ఆ వీడియోలు చూసిన నిపుణులు కూడా ఏ కథ నిజమో ఏది కాదో తేల్చలేకపోయారు. పిల్లలు అబద్ధం చెప్పడం లేదు కాబట్టి అబద్ధపు లక్షణాలు వాళ్ళ ముఖంలో కనిపించవు.

ఇది పరిశోధనశాలకే పరిమితం కాలేదు. కాలిఫోర్నియాలో మెక్‌మార్టిన్ ప్రీస్కూల్ కేసు, తన బిడ్డ మీద లైంగిక దాడి జరిగిందని 1983లో ఒక తల్లి చేసిన ఫిర్యాదుతో మొదలైంది. వందలమంది పిల్లల్ని చేతిబొమ్మలతో, తలూపితే మెచ్చుకునే ప్రశ్నలతో, కాదన్నా మళ్ళీ మళ్ళీ అడిగారు. చివరికి భూగర్భ సొరంగాలూ, గాల్లో ఎగిరే మంత్రగత్తెలూ వాంగ్మూలాల్లోకి వచ్చాయి. 1990 దాకా సాగిన ఆ కేసులో ఒక్కరికీ శిక్ష పడలేదు. నిజంగా ఏ పిల్లకైనా అన్యాయం జరిగి ఉంటే, ఆ పిల్ల మాట కూడా ఆ ప్రశ్నల కింద నలిగిపోయింది.

దీన్నిబట్టి పిల్లల మాట నమ్మకూడదని వాదించేవాళ్ళున్నారు. అది తప్పుడు పాఠం, ప్రమాదకరమైన పాఠం కూడా. ప్రశ్నలో జవాబు పెట్టకుండా అడిగితే చిన్నపిల్లలు చెప్పేది తక్కువే అయినా చాలావరకు సరిగ్గానే ఉంటుందని ఇవే పరిశోధనలు చూపించాయి. మన చట్టం దారి కూడా అదే. సాక్ష్యం చెప్పడానికి కనీస వయసు ఏదీ 1872 సాక్ష్య చట్టంలో లేదు, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ లేదు. ప్రశ్న అర్థమై తగిన జవాబు ఇవ్వగలిగితే చాలు. పిల్లలపై లైంగిక నేరాల విషయంలో 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పిల్లల వాంగ్మూలాన్ని వాళ్ళ ఇంట్లోగానీ వాళ్ళకు నచ్చినచోటగానీ తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. కోర్టులో లాయర్లు నేరుగా పిల్లను ప్రశ్నించకూడదు, జడ్జి ద్వారా అడగాలి. పిల్లను పదేపదే కోర్టుకు రప్పించకూడదు. కేసును కోర్టు విచారణకు తీసుకున్న 30 రోజుల్లో సాక్ష్యం నమోదు చేయాలి. ఆలస్యమైన కొద్దీ జ్ఞాపకం పలచబడుతుంది, మధ్యలో విన్న మాటలు అందులో కలుస్తాయి.

చట్టం ఇంత జాగ్రత్త తీసుకున్నా, పిల్ల మొదట చెప్పేది పోలీసుకు కాదు. అమ్మకో, పిన్నికో, టీచరుకో చెబుతుంది. అక్కడే పని చెడిపోతూ ఉంటుంది. "ఆ అంకులేనా? ఇక్కడ ముట్టుకున్నాడా? ఇంకేం చేశాడు?" అని కంగారులో ప్రశ్నలు కురిపిస్తారు. తర్వాత బాబాయి అడుగుతాడు, అత్త అడుగుతుంది, పక్కింటావిడ కూడా అడుగుతుంది. రేపు కోర్టులో ఎదుటి లాయరు పట్టుకునేది సరిగ్గా ఆ ప్రశ్నల్నే. ఒక్కరే, ప్రశాంతంగా, "ఏం జరిగిందో చెప్పు" అనాలి, ఆగినప్పుడు "తర్వాత?" అనాలి. పేర్లుగానీ శరీర భాగాలుగానీ పెద్దలు ముందుగా అనకూడదు. పిల్ల ఏ మాట వాడిందో ఆ మాటనే, సరిదిద్దకుండా, తేదీ వేసి కాగితం మీద రాసుకోవాలి. చెప్పినందుకు తిట్టబోమని పిల్లకు నమ్మకం కలిగించి, పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయాలి. మిగిలిన ప్రశ్నలు అడగడం శిక్షణ ఉన్నవాళ్ళ పని.